తలుపు చాటు దర్శకుడు

"నవ్వారా?" అడిగింది భార్య.

"ష్... ఎవరో ఆవలించారు," అన్నాడు దర్శకుడు, రెండో హాలు తలుపుకి చెవి ఆనించి.

మ్యాట్నీ మొదలై చాలాసేపయింది. మూతికి మాస్కు, నెత్తిన టోపీ పెట్టుకుని, క్యాంటీన్‌కి వెళ్లొస్తామని గేటు దగ్గర చెప్పి లోపలికి వచ్చారు ఇద్దరూ. ఆ రోజే అతని మూడో సినిమా విడుదల. చిన్న పెట్టుబడి, చిన్న నటులు, అందుకని ఈ చిన్న హాలు. వరండాకి ఆ చివరనున్న పెద్ద హాలు పెద్ద హీరోకి ఇచ్చారు.

"దొంగల్లా ఈ అవస్థ దేనికండీ? టికెట్లు కొనుక్కుని దర్జాగా కూర్చుని చూడొచ్చుగా?"

"మొదటి సినిమా కూర్చుని చూశాను, పోయింది. రెండోది నిలబడి చూశాను, అదీ పోయింది. నా సినిమాకి నా దిష్టే తగులుతోంది."

"పోనీ నేను చూసొస్తా."

"అర్ధాంగివి. నువ్వు చూస్తే నేను సగం చూసినట్టే."

ఈయన సినిమాల్లో లాజిక్ లేదని రాసేవాళ్లు ఈయనతో ఒక్క వారం కాపురం చేస్తే అసలు ఆశే పెట్టుకోరు అనుకుంది భార్య.

ఈసారి తీసింది కామెడీ. జనం నవ్వితే సినిమాల్లో ఉంటాడు, నవ్వకపోతే మామగారి పైపుల కొట్లో ఉంటాడు. ఆ మాట తనే ఇచ్చాడు. కొట్టు చూసుకోవడానికి ఇంకెవరో సిద్ధంగా ఉన్నారట, సాయంత్రంలోగా ఏ సంగతో తేల్చమన్నారు మామగారు. అందుకే ఈ చెవి ఆనించడం. దళసరి తలుపు కావడంతో లోపలి మాటలు ముద్దముద్దగా వినిపిస్తున్నాయి. నవ్వయితే తెలియకపోదు. ఇంతవరకూ తెలియలేదు.

పెద్ద హాల్లోంచి మాత్రం ఈలలూ కేకలూ వరండా దద్దరిల్లేలా వస్తున్నాయి.

"పెద్ద హీరో తుమ్మినా ఈల వేస్తారు," అన్నాడు అక్కసుగా.

జేబులో ఫోను మోగింది. నిర్మాత. పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నాడు.

"ఎత్తండి, పాపం."

"తిట్లేగా, ఎప్పుడైనా తినొచ్చు. పాడైపోవు," అని ఫోను నోరు నొక్కేశాడు.

అంతలో తలుపు తోసుకుని ఒక పెద్దాయన కణతలు నొక్కుకుంటూ బయటికి వచ్చాడు. దర్శకుడు ఎదురెళ్లాడు.

"అయిపోయిందాండీ సినిమా?"

"సినిమా కాదు, నా ఓపిక అయిపోయింది."

"కథ బాలేదా?"

"ఉంటే కదా బాగుండటానికి! ఎక్కడైనా తగుల్తుందేమోనని ఇంతసేపు కూర్చున్నా."

"కామెడీ అయినా..."

"దానికే ఎక్కువ ఏడుపొచ్చింది. ఇది తీసినవాడెవడో గానీ, వాడి పెళ్లాం ఎలా భరిస్తోందో!"

"అలవాటైపోతుందండీ," అంది భార్య అప్రయత్నంగా.

పెద్దాయన వెళ్లిపోయాడు. వెనకే మరో నలుగురు వచ్చారు. వాళ్లు తిట్టే ఓపిక కూడా లేనట్టు నేరుగా మెట్లు దిగిపోయారు. దర్శకుడు మెట్టు మీద కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది. మాస్కు ఉండటం మంచిదైంది.

"వంటింట్లో చదివి వినిపిస్తే పడిపడి నవ్వావు కదే! పాలు పొంగినా చూసుకోలేదు."

"నిజంగానే నవ్వానండీ."

"నీ నవ్వు నమ్ముకుని తీశాను. నువ్వొక్కదానివే నా ప్రేక్షకురాలివని ముందే తెలిస్తే ఇంట్లోనే ఆడి చూపించేవాణ్ణి, ఖర్చు కలిసొచ్చేది."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను కళ్లు తుడుచుకుని మామగారికి ఫోను చేశాడు. "వస్తున్నానండీ. సోమవారం నుంచే."

"మంచి మాట చెప్పావయ్యా!" మామగారి గొంతు స్పీకరు లేకుండానే వరండా అంతా వినిపించింది. "మళ్లీ సినిమా ఊసెత్తవుగా? నీకు నాలుగు రోజులకోసారి కథ పుడుతుంది, నాకు తెలుసు."

"ఎత్తనండీ."

"అలా కాదు. మా అమ్మాయి పక్కనే ఉందా? దాని నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు."

దర్శకుడు భార్య వంక చూశాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఆ ఊగే తల మీదే చెయ్యి పెట్టాడు.

"ఇంక జన్మలో సినిమా తీయను. మీ అమ్మాయి మీద ఒట్టు."

ఫోను పెట్టేశాక గుండె సగం తేలికైంది, మిగతా సగం తీసేసినట్టయింది. భార్య ముక్కు ఎగబీల్చి, "పోనీండి, పైపులు మీరు బాగా అమ్ముతారు," అంది.

"అవును. పైపు చివరిదాకా చూసి ఎవరూ తిట్టరు."

లేచి వెళ్లబోతుంటే హాలు పనిమనిషి ఒకతను స్టూలు తెచ్చి తలుపు పక్కన వేశాడు. ఎక్కి, గోడ మీదున్న దర్శకుడి సినిమా పోస్టరుని గోటితో గీకడం మొదలుపెట్టాడు. మొదటి రోజు రెండో ఆటకే! దర్శకుడికి నవ్వొచ్చింది. ఆ తలుపు దగ్గర మధ్యాహ్నం నుంచీ వినిపించిన మొదటి నవ్వు అదే.

"అప్పుడే పీకేస్తున్నావా అన్నా?"

"తప్పదండీ. ఇది చూసి వచ్చినవాళ్లందరూ నన్ను పట్టుకుని తిడుతున్నారు."

"తిట్టాల్సింది నిన్ను కాదు." దర్శకుడు మాస్కు తీసేశాడు. "ఆ సినిమా తీసింది నేనే."

అతను స్టూలు మీంచే ఎగాదిగా చూశాడు. "మీరా సార్! మరి ఇక్కడ నిలబడ్డారేంటి?"

"ఇంకెక్కడ నిలబడను?"

"ఇందులో జనం పట్టక మీ సినిమాని ఈ ఆట నుంచే పెద్ద హాల్లోకి మార్చాం సార్."