కొత్త బ్రేకుల వణుకు

తాతారావు బండి తలుపు విసిరికొట్టిన చప్పుడుకి షెడ్డు రేకులు అదిరాయి.

"ఏటి బావా ఇది? పేడ్లు కొత్తవి, డిస్కులు కొత్తవి. బ్రేకు తొక్కితే స్టీరింగు గజగజ ఒణుకుతంది. నా బండికి మలేరియా తెచ్చినావేటి?"

సోమన్న రెంచి కింద పెట్టాడు. డుంబ్రిగుడ రోడ్డు మీద అతని షెడ్డంటే డ్రైవర్లందరికీ గురి. తాతారావు పెళ్లాం గంగ తనకి స్వయానా చెల్లెలు కాబట్టి ఇన్నాళ్లూ ఓర్చుకున్నాడు. తాతారావు నోటికి మాత్రం బ్రేకులు వేసే మెకానిక్కు ఇంకా పుట్టలేదు.

"రెండు తడవలు సూసినాను కదా. పేడ్లు గీకినాను, చక్రం నట్లు ఇప్పి సమంగా బిగించినాను. ఇంకేటి సెయ్యమంటావు?"

"ఘాటీ రోడ్డులో నన్ను దాటినోడున్నాడేటి ఎప్పుడైనా? ఇప్పుడు పాలవేను కూడా దాటిపోతంది. సెకండు గేర్లో పాకుతూ దిగుతన్నాను. రేపు హోటలోళ్ల పార్టీని కిందకి దింపాలి. మళ్లీ ఆలస్యమైతే ఇంకో బండిని పెట్టుకుంటామని మేనేజరు తెగేసి సెప్పీసినాడు. నా పొట్ట కొట్టీసినావు."

ఇద్దరికీ అన్నం క్యారేజీ తెచ్చిన గంగ గుమ్మంలోనే ఆగింది.

"నెమ్మదిగా దిగితే ఏటయిపోద్ది? ఈ నెల్లాళ్లూ నీ బండెక్కినోలు దేవుడా అనకుండా దిగుతన్నారు."

"నోరు ముయ్యి. బ్రేకుల సంగతి నీకేటి తెలుసు?"

తండ్రి బతికున్నప్పుడు అతనికి స్పానర్లు అందిస్తూ గంగ ఈ షెడ్డులోనే పెరిగింది. అయినా క్యారేజీ పక్కన పెట్టి బల్ల మీద కూర్చుంది. ఎదురుగా గోడకి దండ వేసిన తమ్ముడు రవిబాబు ఫొటో ఉంది. మొన్నటి వానాకాలంలో అతను తోలిన జీపు ఘాటీ మలుపులో ఆగలేదు. ఎంత వేగంగా తోలాడో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సోమన్నకీ ఒళ్లు మండింది. "నా పనిలో తప్పుంటే ఈ షెడ్డు మూసేత్తాను," అంటూ బండిని జాకీ మీద ఎత్తాడు. చక్రం ఊడదీశాడు. ఈసారి డిస్కుని కూడా అది కూర్చునే హబ్బు మీంచి లాగి చూశాడు.

"ఇలా రా. హబ్బుకీ డిస్కుకీ మజ్జిన ఏటున్నాదో సూడు."

పసుపు బియ్యం. నాలుగైదు గింజలు నలిగి పచ్చగా అట్ట కట్టి ఉన్నాయి. వాటి వల్ల డిస్కు ఒక పక్క వెంట్రుకవాసి లేచింది. బండి వణకడానికి అంత చాలు.

ఇద్దరూ ఒక్కసారే గంగ వైపు చూశారు. కొత్త బ్రేకులు వేసిన రోజు సోమన్న డిస్కులు హబ్బుకి ఆనించి బిగించబోతుంటే, కొత్త సామాను కదా, బొట్టు పెడతానని ఆపింది ఆవిడే. పసుపు రాసి అక్షింతలు వేసేదాకా మగాళ్లిద్దరూ బయట టీ తాగారు.

"నీ బక్తి తగలెయ్య," తాతారావు గొంతు రోడ్డు దాకా వినిపించింది. "నా బండి మీదే సూపించాలేటే? నెల్లాళ్లు నన్ను నవ్వులపాలు సేసినావు."

"తప్పయిపోనాది," అంది గంగ తల దించుకుని.

సోమన్న గరుకు కాగితంతో హబ్బు రుద్ది, తుడిచి, రెండు పక్కలా మళ్లీ బిగించాడు. తాతారావు రోడ్డు మీద ఓ చుట్టు తిరిగి గట్టిగా బ్రేకు తొక్కాడు. స్టీరింగు కదల్లేదు. నెల్లాళ్ల తరవాత మొదటిసారి నవ్వాడు.

"రేపు పాలవేనోడికి నా దుమ్మే కనపడతాది." అన్నం కూడా ముట్టకుండా హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు సోమన్న కోపం చెల్లెలి మీదకి మళ్లింది. "నీ మూలంగా ఇన్ని మాటలు పడ్డాను. బొట్టెడితే డిస్కు మొగానికెట్టాలి గానీ ఎనకాల గింజలేత్తారేటే? హబ్బు మీద ఇసకరేణువున్నా బండి ఒణుకుతాదని నాన్న మనిద్దరికీ కలిపే నేర్పినాడు. మర్సిపోనావా?"

హారన్ చప్పుడు మలుపు తిరిగి దూరమైపోయింది. గంగ రవిబాబు ఫొటో మీంచి చూపు తిప్పలేదు.

"మర్సిపోనేదన్నా."