ఆ గైడే కావాలి

వేసవి సెలవులకి పల్లెదారుల్లో సైకిల్ టూరు కావాలని వచ్చేవాళ్లందరివీ ఒకటే కోరికలు. కొండలు కనపడాలి, ఎక్కకూడదు. బస వాగు పక్కనే ఉండాలి, దోమ ఉండకూడదు. పిల్లలు ప్రకృతి ఒడిలో గడపాలి, ఫోనుకి మాత్రం సిగ్నల్ నిండుగా ఉండాలి. టూర్ల ఆఫీసు కౌంటర్లో అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. చేరి నెల తిరక్కుండానే మనుషుల మీద ఉన్న కాస్త నమ్మకమూ పోగొట్టుకుంది. నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమే కాబట్టి నవ్వు మాత్రం మానలేదు.

ఆ రోజు ఒకావిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లాడు తిన్నగా గుమ్మం పక్కనున్న సైకిలు దగ్గరికెళ్లి బెల్లు మోగించడం మొదలుపెట్టాడు. చిన్నపాప తల్లి చేతిసంచి పట్టుకుని నిలబడింది.

"చెరువుల దారి చూడండి మేడమ్. అంతా చదునే. పిల్లలకి ఇబ్బందుండదు."

"వద్దు."

"పోనీ పళ్లతోటల దారి? చెట్టు నుంచి కోసుకుని తినొచ్చు."

"పళ్లు బజార్లోనూ దొరుకుతాయి కదమ్మా."

అడవి దారి ఫోటోలు చూపించింది. ఆవిడ అటు తిరిగి కూడా చూడలేదు. సైకిళ్లు కొత్తవని చెప్పింది. బసలో వేడినీళ్లు వస్తాయంది. వస్తే రానీ అన్నట్టు చెయ్యి ఊపింది ఆవిడ.

"అసలు మీకెలాంటి టూరు కావాలి మేడమ్?" నవ్వు అరిగిపోకుండా అడిగింది అమ్మాయి.

"ఏదైనా ఫరవాలేదు. మీ దగ్గర ఎర్రటోపీ గైడొకడు ఉన్నాడు చూడు, పొడుగ్గా, మీసాలతో. అతను ఏ దారిలో వెళ్తే ఆ దారి."

అమ్మాయి చేతిలో కలం ఆగిపోయింది. చెరువులు వద్దు, తోటలు వద్దు, మీసాలు కావాలిట.

"ఆయన మీకు తెలుసా?"

"తెలుసనే అనుకుంటున్నాను."

"మరి టూరుకి ఎంతమంది? సారు కూడా వస్తారా?"

"సారుకి వేసవిలో సెలవు దొరకదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్క వేసవీ మాతో ఉన్న పాపాన పోలేదు. అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. ఈసారైనా పిల్లలకి సెలవులనేవి ఉండాలి కదా. అందుకే చెప్పకుండా వచ్చేశాను."

చెప్పకుండా. ఆ ఒక్క మాట చాలు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమనే రకం కాదు మన అమ్మాయి. ఆ దూడకి పేరు పెట్టి, బడిలో కూడా వేసే రకం. ఎక్కడో ఆ అమాయకపు మొగుడు ఎండనక కష్టపడుతుంటే, ఇక్కడ ఈవిడ పిల్లిలా కళ్లు మూసుకుని పాలు తాగుతోంది. ఒక నిండు సంసారం తన కౌంటరు మీదే కూలిపోతుంటే చూస్తూ కూర్చోవాలా? కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు. కానీ కత్తిపీటకి దురద పుట్టేసింది.

"ఎర్రటోపీ ఆయన మరీ వేగంగా తొక్కుతారు మేడమ్. ఇంకో పెద్దాయన ఉన్నారు. నిదానస్తుడు. చెవులే కాస్త వినపడవు."

"మన మాట వినపడని మనిషి ఇంట్లో ఒకడున్నాడు, చాలు. అది సరేగానీ, ఎర్రటోపీ అతను పిల్లల్తో ఎలా ఉంటాడు?"

అబద్ధం చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు. "ప్రాణం పెడతారు. అలిసిపోయిన వాళ్లని వెనక కూర్చోబెట్టుకుని తొక్కుతారు. రాత్రిళ్లు కథలు చెబుతారు. ఎర్రటోపీ అంకుల్ అంటూ పిల్లలు ఆయన్ని వదలరు."

ఆవిడ పాప తల నిమిరింది.

"కథలు కూడా చెబుతాడా," అంది మెల్లగా, తనలో తను అనుకున్నట్టు.

అమ్మాయికి ఒళ్లు మండింది. కథలకే ఇంతలా కరిగిపోతే ఇక టూరు చివరికి మిగిలేదేమిటి?

"గైడు కూడా మా బసలోనే ఉంటాడా?"

"ఉంటారు. వేరే గదిలో," వేరే అన్న మాటని ఒత్తి పలికింది.

"అది అక్కడికెళ్లాక చూసుకుందాంలే."

విన్న చెవులు కాలిపోయాయి. "సారుకి తెలిస్తే ఏమంటారో మేడమ్."

"బయల్దేరే రోజు ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు ఆయన మొహం చూడాలనే నా సరదా."

ఎంత గుండెధైర్యం. అమ్మాయి కలం పక్కన పెట్టేసింది. "చిన్నదాన్ని, ఏమీ అనుకోకండి. సంసారమన్నాక సర్దుకోవాలి."

"సర్దుకోవడం అయిపోయిందమ్మా, బట్టలతో సహా. నువ్వు ముందు మాకు చోటు ఉందో లేదో చూడు."

చోటుంది. ఉండకపోతే బాగుండునని అమ్మాయి రెండుసార్లు వెతికింది కూడా. చేసేది లేక ముగ్గురికీ ఖాయం చేసింది. చేస్తున్నంతసేపూ ఆ ముఖం తెలియని మొగుడి మీదే ఆమె జాలంతా. ఇక మిగిలింది ఒకే ఒక్క బాణం. తల్లి మనసు కరగకపోతే పిల్ల మనసైనా కరక్కపోతుందా అని కౌంటరు మీదుగా వంగి, గొంతులో తేనె పోసుకుని పాపని అడిగింది.

"అన్ని రోజులు నాన్న లేకుండా ఎలా ఉంటావమ్మా? బెంగ పెట్టుకోవూ?"

పాప తల్లి వైపు చూసింది, అమ్మాయి వైపు చూసింది, బాగా ఆలోచించి అడిగింది. "ఆంటీ, మరి అక్కడ మేం కూడా అందరు పిల్లల్లాగా ఎర్రటోపీ అంకుల్ అనే పిలవాలా, నాన్నా అని పిలవొచ్చా?"