ఇరుసు మీద గీత

“అన్నయ్యా, ఒకసారి వచ్చి ఈ గీత చూడవా? నువ్వు చూడందే వెల్డింగు మొదలుపెట్టను” అని మేస్త్రీ కూతురు పిలిచింది.

పెద్దోడు వినిపించుకోనట్టు ఇంకో రెండు నట్లు బిగించాడు. తర్వాత తీరిగ్గా చేతులు తుడుచుకుని లేచాడు. షెడ్డులో పనివాళ్లందరికంటే ముందు చేరినవాడు కాబట్టి అతణ్ణి అందరూ పెద్దోడనే పిలుస్తారు. కొన్నాళ్లుగా ఆ పిలుపు వింటేనే ఒళ్లు మండుతోంది. పేరుకే పెద్దరికం!

స్టాండ్ల మీద పాత మిలిటరీ బండి నుంచి విప్పిన ముందు ఇరుసు ఉంది. కొండదారుల్లో తిరగడానికి ట్రక్కు కట్టించుకుంటున్న ఆసామి ఎక్కడో వెతికి తెచ్చాడు. ఉక్కుపిండమే గానీ, ఆ ట్రక్కుకి మరీ వెడల్పు. ఉన్నదున్నట్టు బిగిస్తే చక్రాలు రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి. అందుకని పొడుగు పక్క గొట్టాన్ని కోసి, కొంత ముక్క తీసేసి, చక్రాన్ని మోసే చివరి భాగాన్ని మళ్లీ అతకాలి.

కోయడం ఎవరైనా కోస్తారు. అసలు పనంతా అతకడంలోనే ఉంది. ఆ చివరి భాగం కాస్త వెనక్కి వాలి ఉంటేనే, స్టీరింగు తిప్పి వదిలాక బండి తనంతట తాను తిన్నగా వస్తుంది. ముందుకు వాలిందా, దిగుడులో బండి ఎవరి మాటా వినదు. అందుకే ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. వాలు ఎటు, ఎంత ఉండాలో గొట్టం మీద ఒకరు గీత గీస్తే, ఇంకొకరు చూసి దాని పక్కన సుద్దతో టిక్కు పెట్టాలి. టిక్కు పడందే మేస్త్రీ అయినా సరే వెల్డింగు ముట్టుకోడు.

ఆ మేస్త్రీకిప్పుడు చూపు మందగించింది. “ఈ ఇరుసు పని అయ్యాక తాళాలు ఇచ్చేసి ఇంటి పట్టున కూర్చుంటాను” అని అందరి ముందూ అన్నాడు. ఎవరికిస్తాడో అడగాల్సిన పనే లేదు, ఆర్నెల్ల కిందటైతే. ఇంతలో ఎక్కడో మిషను పని నేర్చుకుని కూతురు దిగింది. ఇక అప్పటినుంచీ అమ్మాయి ఇలా కోసింది, అమ్మాయి అలా అతికింది అని ఒకటే భజన. “చూడరా, ముత్యాలు గుచ్చినట్టు లేదూ!” అని మొన్న పెద్దోడికే చూపించాడు. పెద్దోడు వేసిన అతుకు ఇన్నేళ్లలో ఒక్కటీ విరగలేదు. వాటిని ముత్యాలనో పగడాలనో అన్న మహానుభావుడు మాత్రం లేడు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

పెద్దోడు వంగి గీత చూశాడు. మళ్లీ చూశాడు.

వాలు తిరగబడింది. వెనక్కి ఉండాల్సింది ముందుకి ఉంది.

కడుపులో పాలు పోసినట్టయింది. ఇంత చదివి, ఇంత నేర్చి, ఇదా నీ పనితనం తల్లీ!

“ఎలా ఉందన్నయ్యా?” అంది ఆ అమ్మాయి, అతని మొహంలోకే చూస్తూ.

“బాగుంది.”

“సరిగ్గా చూశావా? ఒక్కసారి వాలు కొలిచే గేజీ పెట్టి చూడు. అతికేశాక విప్పడం చచ్చే చావు.”

“నీ గీతకి గేజీ ఎందుకమ్మా! మేస్త్రీ కూతురివి, నీకు తెలీందేముంది?”

కొండ దిగుతున్న బండి ఒక్క క్షణం అతని కళ్ల ముందు మెదిలింది. ట్రయల్లోనే బయటపడుతుందిలే, ఎవరికీ ఏమీ కాదు, అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. సుద్దముక్క తీసి ఇంత పెద్ద టిక్కు పెట్టాడు.

“అయితే మొదలుపెట్టనా?” అంది. గొంతు ఎందుకో పీలగా వచ్చింది.

“ఇంకా ఆలస్యమెందుకు? కానివ్వు.”

ఆమె మాస్కు మొహం మీదికి లాక్కోలేదు. అలా నిలబడే ఉంది. అప్పుడే మేస్త్రీ మెల్లగా అడుగులేసుకుంటూ వచ్చాడు. గొట్టాన్ని చేత్తో తడిమి, గేజీ పెట్టి, కళ్లజోడు పైకి తోసుకుని ముక్కు ఆనేంత దగ్గరికి వంగి చూశాడు.

“ముందుకు వాలింది కదరా.”

“అయ్యయ్యో!” అన్నాడు పెద్దోడు, చటుక్కున చెంప మీద చెయ్యి వేసుకుని. “అమ్మాయి గీసింది కదాని నమ్మేశాను మేస్త్రీ. పోన్లెండి, కేకలేయకండి. చిన్నపిల్ల, పొరపాటు పడింది. నాలుగేళ్లు నా దగ్గర ఉంటే అన్నీ అవే వస్తాయి.”

ఆ అమ్మాయి తల దించుకుంది. కళ్లనిండా నీళ్లు. పెద్దోడికి కాస్త జాలేసింది కూడా, గెలిచినవాడికి వేసే జాలి.

మేస్త్రీ జేబులోంచి తాళాలగుత్తి తీసి కూతురి చేతిలో పెట్టాడు.

“నాకొద్దు నాన్నా. అన్నయ్యకే ఇవ్వు” అందామె ఏడుపు గొంతుతో.

“పట్టుకో.”

పెద్దోడి నెత్తికి రక్తం ఎక్కింది. ఇన్నాళ్లుగా లోపల కుమిలిందంతా ఒక్కసారి నోటికొచ్చేసింది.

“బాగుంది మేస్త్రీ, చాలా బాగుంది! తప్పు గీత గీసిన చేతికా తాళాలు? అదే నేను గీసుంటే ఈపాటికి గేటు బయట ఉండేవాణ్ణి. ఎంతైనా కన్నకూతురు కన్నకూతురే, పనోడు పనోడే! ఆ ముక్కేదో ముందే చెప్పుంటే నేనిన్నేళ్లు ఇక్కడ పడుండేవాణ్ణి కాదు కదా!”

మేస్త్రీ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

“ఆ గీత తప్పుగా గీయమన్నది నేనేరా.”