ఎగరని పతంగి

తలకు పెట్టిన తీగల టోపీని బాలకిషన్ ఎడమచేత్తో పీకి బల్ల మీద పడేశాడు.

"ఇగ నేను రాను. ఇది చిన్నపిల్లల ఆట."

వినాయక నిమజ్జనం అయిన మర్నాడది. అశోక్ నగర్‌లో ఓ ట్రస్టు వాళ్ళు నడిపే పక్షవాతం సెంటరు.

నారాయణగూడలో ఫోటో ఫ్రేముల దుకాణం బాలకిషన్‌ది. గాజు కోసే కుడిచెయ్యి వానాకాలం మొదట్లో ఓ పొద్దున పడిపోయింది. అప్పటినుంచి దుకాణం షట్టరు లేవలేదు.

టోపీ పెట్టే అమ్మాయి చంద్రిక ఓపికగానే చెప్పింది.

"మెదడు మ్యాపు చూసినం గదా సార్. చెయ్యిని నడిపించే చోటు మసకబారింది గని పూర్తిగ చావలేదు. చెయ్యి ఎత్తుతున్నట్టు మీరు గట్టిగ తలుచుకుంటే ఆ చోటు మేల్కుంటది. మేల్కుంటే ఈ టోపీ పసిగడ్తది, తెర మీద పతంగి లేస్తది. ఊకె కూసుంటే లేవదు."

"పతంగి లేస్తే చెయ్యి లేస్తదా?"

"రోజూ చేస్తే లేవొచ్చు. ఈ మొదటి నెలలు పోగొట్టుకుంటే మాత్రం కష్టం సార్."

భార్య అరుంధతి బతిమాలింది. ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు.

పక్క కుర్చీలోని మనిషి దగ్గాడు. మాసిన చొక్కా, వెలిసిన తువ్వాల. కుడిచేతిని మెల్లగా ఒళ్ళోకి లాక్కుని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"సేటూ, ఒక్కలే ఎగరేస్తే ఏం మజా? నాతోని పేంచ్ వేస్తరా?"

"నువ్వెవరు?"

"పీరయ్య. మాది పాలమూరు దిక్కు. కవాడిగూడల బిల్డింగు పని. నాది గూడ గిదే బీమారి."

చిన్నప్పుడు చిక్కడపల్లి మిద్దెల మీద పేంచ్ వేసి ఎంతమంది పతంగులో కోసినవాడు బాలకిషన్. ఆ మాట చెవిన పడగానే చెప్పులు విడిచాడు.

చంద్రిక పీరయ్య కుడిచేతి వంక చూసింది. రెండో టోపీ తెచ్చింది.

తెర మీద రెండు పతంగులు. ఎర్రది బాలకిషన్‌ది, పచ్చది పీరయ్యది. ఎవరిది పైకి పోతే వాళ్ళు గెలిచినట్టు.

ఎర్రది వణుక్కుంటూ జానెడు లేచింది. పచ్చది నేల విడవలేదు.

"ఏందన్నా, నీ దాంట్ల దారం లేదా?"

"మా దిక్కు గాలి లేదు సేటూ."

ఇంటికి పోతూ ఆటోలో బాలకిషన్ తనలో తనే నవ్వుకున్నాడు. అరుంధతి చూసి కూడా చూడనట్టు కూర్చుంది.

మళ్ళీ ఆయన్ను బతిమాలాల్సిన పని పడలేదు. మధ్యాహ్నం అన్నం తినగానే తనే తయారయ్యేవాడు.

పీరయ్య రోజూ ఆలస్యంగా, చెమటలు కక్కుతూ వచ్చేవాడు. టోపీ పెట్టగానే కళ్ళు మూసుకునేవాడు.

"పతంగి ఎగరెయ్యమంటే నిద్రపోతవేందయ్యా?"

"అలిసిపోయిన సేటూ."

"చెయ్యి రావాల్నంటే పట్టుదల ఉండాలె. నన్ను చూసి నేర్చుకో."

"మీ అంత మొండితనం నాకేడ ఉంటది."

ఒకరోజు పచ్చ పతంగి ఒక్క ఊపున తెర అంచుదాకా లేచింది. బాలకిషన్ బిత్తరపోయాడు. అంతలోనే అది జారి కింద పడింది.

"ఎక్కడిదో దుమారం వచ్చిపోయింది" అన్నాడు పీరయ్య, ఎడమచేత్తో ముఖం తుడుచుకుంటూ.

దసరా దాటాక బాలకిషన్ చూపుడువేలు కదిలింది. దీపావళి నాడు కుడిచేత్తో చాయ్ గ్లాసు ఎత్తాడు. అరుంధతి తన గ్లాసులో పోసుకోవడం మరిచిపోయింది.

మర్నాడు మిఠాయి పొట్లం కుడిచేతనే పట్టుకుని సెంటరుకు వెళ్ళాడు. ముందుగా పీరయ్యకు చూపించాలి.

పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయన ఇగ రాడు సార్" అంది చంద్రిక.

"చెయ్యి రాకముందే విడిచిపెడితే ఎట్ల? నువ్వన్న చెప్పొద్దా?"

చంద్రిక టోపీ తీగలు సర్దింది.

"ఆయన్నే అడుగుండ్రి సార్."

ఫోను నంబరు బాలకిషన్ ఎన్నడూ అడగలేదు. ఆటో ఎక్కి కవాడిగూడ పోయాడు. దారిపొడుగునా ధైర్యం మాటలు కూర్చుకున్నాడు. దిగులుపడకు, మళ్ళ రా, ఈసారి నేను నేర్పిస్త.

కొత్త బిల్డింగు దగ్గర వాచ్‌మన్ ముత్యాలు ఒక్కడే ఉన్నాడు.

"పీరయ్య, ఆయన పెండ్లాం కురుమమ్మ పొద్దుగాలనే బస్సెక్కిండ్రు సార్. పుణె దిక్కు కొత్త పని. ఫోను చేద్దమన్న, వాళ్ళది మొన్ననే పగిలింది."

"పాపం, పడిపోయిన చెయ్యితోని అక్కడేం పని చేస్తడు?"

ముత్యాలు ఆయన్ను వింతగా చూసి, మెట్ల పక్క గోడ చూపించాడు. సిమెంటు పూత నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది.

"గిది మొన్న ఆయన చేసిందే, కుడిచెయ్యితోని. ఆషాఢంల బోనాలకే బాగైపాయె గదా ఆ చెయ్యి."

బాలకిషన్ తన కుడి అరచెయ్యి ఆ గోడకు ఆనించాడు. చల్లగా తగిలింది.

"మరి రోజూ మా సెంటరుకెందుకొచ్చిండు?"

"గదే లొల్లి సార్. నిమజ్జనం మర్నాడు ఆఖరి చెకప్‌కని పోయినోడు, ఇగ రోజూ పోవుడే. మధ్యాహ్నం పని విడిచి పోతుంటే మేస్త్రి తిట్టని రోజు లేదు. ఎందుకు పోతవని అడిగితే, 'నేను పోకుంటే ఆ పతంగుల సేటు ఎవర్ని గెలుస్తడు?' అంటుండె."