ఎంట్రీ మారింది

కంప్యూటర్ టింగుమంది. ఆమె ఎంట్రీ మళ్లీ మారింది.

అతను తింటున్న బిస్కెట్టు పక్కన పడేసి తెర మీదికి వంగాడు. ఫోన్ నంబరు మారింది. పాత నంబరు అలవాటై ఎన్నాళ్లయిందని! వేళ్లకు ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది, అంతలోనే మార్చేసింది.

ఆ కంపెనీలో డైరెక్టరీ సర్వర్ అతని చేతికింద ఉండేది. ఎవరు ఏ గదిలో కూర్చుంటారు, ఏ నంబరుకు పలుకుతారు, ఆపద వస్తే ఎవరికి కబురు చేయాలి... మనిషికో ఎంట్రీ చొప్పున అన్నీ అందులో ఉంటాయి. మామూలుగా అయితే సర్వర్ అడిగినదానికి జవాబిచ్చి నోరు మూసుకుంటుంది. కానీ అతను వాడే ప్రోగ్రామింగ్ లైబ్రరీలో ఇంకో సదుపాయం ఉంది. ఒకసారి అడిగి, లైను తెంచకుండా కూర్చుంటే చాలు. ఆ తర్వాత ఏ ఎంట్రీ చేరినా, మారినా, పోయినా సర్వరే పిలిచి చెబుతుంది. ఫోన్ నంబర్ల పట్టీ ఎప్పటికప్పుడు సరిచేయడానికని పైవాళ్లు ఆ ప్రోగ్రాం రాయమన్నారు. రాశాడు. చాటుగా ఇంకో నాలుగు లైన్లు తగిలించాడు. మిగతావాళ్ల ఎంట్రీలు చప్పుడు లేకుండా మారిపోతాయి. ఆమెది మారితే మాత్రం టింగుమంటుంది.

ఏం మారిందో చెబుతుంది. ఎందుకు మారిందో చెప్పదు. అక్కడే అతని ప్రాణం కొట్టుకుంటోంది.

"ఏంటన్నా, మొహం అలా మాడ్చుకున్నావ్?" ప్రింటర్ల మెకానిక్ తలుపు తోసుకుని వచ్చాడు. చేతులనిండా సిరా.

"మీ వదిన నంబరు మార్చేసింది."

"నీకు మాటమాత్రం చెప్పకుండానా?"

"చెప్తే నాకీ తిప్పలెందుకురా?"

మెకానిక్ పగలబడి నవ్వాడు. "ఎదురు బిల్డింగేగా అన్నా! నాలుగడుగులు వేసి అడగొచ్చుగా. పెళ్లాం సంగతి సర్వర్‌ని అడిగే మొగుణ్ణి నిన్నే చూశాను. వదిన్ని మాకెవరికీ చూపించకుండా దాచుకున్నావ్, ఇప్పుడు అనుభవించు."

"నీ పని చూసుకోవోయ్."

వాడు వెళ్లగానే కొత్త నంబరు నొక్కాడు. అవతల "హలో" అంది. ఊపిరి బిగబట్టి విన్నాడు. సీట్లోనే ఉంది. పక్కన ఎవరిదో మగగొంతు. "హలో, ఎవరండీ?" అని ఆమె రెట్టించేసరికి ఫోన్ పెట్టేశాడు. రోజూ ఉన్న పనే ఇది. ఆమె సీట్లో ఉందో లేదో తెలియకపోతే అతనికి పని మీద మనసు నిలవదు.

ఆ మగగొంతు ఎవరిది?

ఆమె ఈమధ్య మారిపోయింది. మొన్న వానలో తడుస్తూ బస్సెక్కడం కిటికీలోంచి చూశాడు. మనసు ఊరుకోక మంచి గొడుగు కొన్నాడు. భోజనాల వేళ వెళ్లి, ఖాళీగా ఉన్న ఆమె బల్ల మీద పెట్టి వచ్చాడు. ఎవరిచ్చారో చీటీ రాసి పెట్టాలా? మనసుంటే తెలియదా? సాయంత్రానికి అది గేటు దగ్గర, పోయిన వస్తువులు వేసే పెట్టెలో తేలింది. ఆ పూట అతనికి ముద్ద దిగలేదు. ఇంట్లో టీ కప్పులు రెండున్నాయి. రోజూ టీతో తడిసేది ఒక్కటే.

మర్నాడు మళ్లీ టింగుమంది.

ఆపద వస్తే కబురు చేయాల్సిన మనిషి. ఆ గడిలో ఇదివరకు ఆమె అన్నయ్య పేరుండేది. పుట్టింటి మమకారం, పోనీలే అని సర్దుకున్నాడు. ఇప్పుడు అన్నయ్య పేరు పోయి, సెక్యూరిటీ ఆఫీసరు పేరొచ్చి కూర్చుంది. ఆ మీసాలాయన! తన పేరు ఉండాల్సిన చోట ఆయన పేరు!

ఒళ్లు మండిపోయింది. మెకానిక్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు.

"ఆ మీసాలాయన ఎలాంటివాడ్రా?"

"బంగారం లాంటి మనిషి. ఆడవాళ్లకి ఏ ఇబ్బందొచ్చినా ముందుంటాడు."

"ఉంటాడు, ఉంటాడు. ఎందుకుండడు!"

"అన్నా, ఊరికే అలా అనుమానపడకు. ఇలాగైతే వదిన ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది."

"వెళ్లనీ. ఎక్కడికెళ్లినా నాకు ఇట్టే తెలిసిపోతుంది."

తెలిసింది కూడా. మధ్యాహ్నం కంప్యూటర్ టింగుమంది. ఈసారి గది మారింది. పాత బిల్డింగు, పై అంతస్తు, చిట్టచివరి గది. అతను రెండుసార్లు చదివాడు. అది విరిగిన కుర్చీలూ చెడిపోయిన ఫ్యాన్లూ పడేసే గది. అక్కడ ఎవరూ కూర్చోరు. అటువైపు ఎవరూ పోరు.

ఎవరూ పోని చోట ఆమెకేం పని?

మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కాడు. వసారాలో దుమ్ము పేరుకుని ఉంది. దుమ్ములో అడుగుల గుర్తులు. ఒకరివి కావు, ఇద్దరివి. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆమె గొంతు. దాని వెంటే సన్నగా మగగొంతు. నిన్న ఫోన్లో విన్నదే.

తలుపును ఒక్క తన్ను తన్నాడు.

విరిగిన కుర్చీల మధ్య, ఉన్న ఒక్క మంచి కుర్చీలో ఆమె. పక్కనే నిలబడి మీసాలాయన.

"దొరికారు!" అని అరిచాడు. "ఇందుకా గది మార్పించుకుంది? దీనికోసమా నంబర్లు మార్చింది?"

మీసాలాయన అదరలేదు, బెదరలేదు. "అవునండీ, దీనికోసమే. ఈ గది సంగతి సర్వర్‌లో మార్చామంతే. మనిషన్నవాడెవరికీ చెప్పలేదు" అని ఆమె వైపు తిరిగాడు. "చూడమ్మా, ఈయన మీకేమవుతారు?"

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసి, గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, చివరికి తల అడ్డంగా ఊపింది: "ఏమీ కారండీ, ఈయన్ని నేను చూడటం ఇదే మొదటిసారి."