సంచి తరుగు

“ఎనిమిదిన్నర. సంచి తరుగు కిలోన్నర పోను ఏడు. సరిపోయిందిలే అమ్మాయ్,” అన్నాడు నాన్న, మిర్చి బస్తాలు తూచే కాటా మీద నా బ్యాగు పెట్టి.

“విమానంవాళ్ళు తరుగు తియ్యరు నాన్నా. లండన్ నుంచి ఐర్లండ్‌కి పోయే చౌక టికెట్టుకి సంచితో కలిపే ఏడు కిలోలు.”

“మన కాడ కొనేవాళ్ళు మాత్రం మర్చిపోకుండా తీస్తారు.”

మిర్చికి రేటు రాని ఏడాది, ఫ్రెండ్స్‌తో ఊళ్ళు చూడ్డానికి పోతున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆఫీసు పనన్నాను. ఆ అబద్ధం నిలబడాలని రెండు కిలోల ల్యాప్‌టాప్ కూడా సర్దాను.

బరువు తగ్గించడానికి అమ్మ ఇచ్చిన కారప్పొడి తీయబోయాను.

“అది ఉండనియ్యి. అక్కడ తిండి చప్పగా ఉంటదంట.” నాన్న ల్యాప్‌టాప్ బయటికి తీశాడు.

“అది పనికి కావాలి నాన్నా.”

“కంపెనీ పంపితే పెద్ద పెట్టెకి డబ్బులు కట్టదా? కాటా కాడ అబద్ధాలు చెప్పేవాళ్ళని చానామందిని చూశాలే.”

కాటా ఆరున్నర చూపించింది.

నాన్న పొలానికి వేసుకుపోయే రెయిన్‌కోటు మడిచి, ఖాళీ అయిన చోట పెట్టాడు.

“అక్కడ వానలంట. ఫోన్లో చూశా. ఇంక ఫొటోలు దాచమాక, చూసినయ్యన్నీ పంపు.”