చెరో నూట ఇరవై ఆరు

"షాపు మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. బల్లలు పంచుకున్నాం, కుర్చీలు పంచుకున్నాం. ఇక నెట్‌వర్క్ కూడా పంచేస్తే ఓ పనైపోతుంది బావగారూ," అన్నాడు అన్న, గోడకి ఇవతల నుంచి.

"అన్నయ్య కంప్యూటర్‌కి నా ప్రింటర్ కనిపించకూడదు బావా! నా కాగితం మీద తన విజిటింగ్ కార్డులు కొట్టేస్తున్నాడు," అన్నాడు తమ్ముడు, అవతల నుంచి.

నెట్‌వర్కులు బిగించడం వృత్తిగా పెట్టుకోవడం ఆ ఇంటి అల్లుడు చేసిన మొదటి తప్పు. ఈ పంపకం సంగతి పొద్దున్నే భార్య చెవిన వెయ్యడం రెండోది. ఆవిడ ఆ అన్నకి చెల్లెలు, ఈ తమ్ముడికి అక్క. "మా వాళ్ళిద్దర్నీ మీ చేత్తో విడదీశారంటే ఇక ఈ గడప తొక్కకండి," అని తెగేసి చెప్పింది. పని చెయ్యనంటే వీళ్ళు వదలరు, చేస్తే ఆవిడ వదలదు. అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"ఐపీ అడ్రస్ అంటే ప్రతి మిషనుకీ ఉండే ఇంటి నంబరు. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా మన వీధో చెప్పేది సబ్‌నెట్ మాస్క్. ఇప్పుడు దాని చివర సున్నా ఉంది కాబట్టి ఒకటి నుంచి రెండు వందల యాభై నాలుగు దాకా అంతా ఒకే వీధి. ఆ సున్నా బదులు నూట ఇరవై ఎనిమిది పెడితే వీధి రెండు ముక్కలవుతుంది. నూట ఇరవై ఆరు దాకా పెద్దవారికి. నూట ఇరవై తొమ్మిది నుంచి చివరిదాకా చిన్నవారికి."

"వాడికి రెండొందల నంబర్లూ, నాకు ఒకటీ రెండూనా? పెద్దవాణ్ణని మర్యాదైనా లేదా?" అని లేచాడు అన్న.

"మొదటివన్నీ ఆయనకీ, అడుగూబొడుగూ నాకూనా?" గోడ అవతల కుర్చీ కిర్రుమంది.

"ఇద్దరికీ సమానమే. చెరో నూట ఇరవై ఆరు."

అన్న క్యాలిక్యులేటర్ నొక్కాడు. "రెండూ కలిపితే రెండు వందల యాభై రెండు. ఇందాక యాభై నాలుగన్నారే! మిగతా రెండూ ఏవీ?"

"అవునూ, ఆ రెండూ ఏవీ?" అన్నాడు తమ్ముడు. గోడ లేచాక వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

"గోడకి పోయాయి," అన్నాడు అల్లుడు. "ప్రతి వీధికీ ఈ చివరొకటీ ఆ చివరొకటీ వాడకుండా వదిలెయ్యాలి. వీధి ఒకటైతే ఆ నష్టం ఒకసారే. రెండైతే రెండుసార్లు."

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఉన్నవి రెండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, రెండు కెమెరాలు. అయినా పోయిన ఆ రెండు నంబర్ల కోసం సాయంత్రం దాకా గొంతులు చించుకున్నారు. అవి ఎదుటివాడికీ దక్కవని రూఢి చేసుకున్నాక గానీ శాంతించలేదు. అల్లుడు మాస్కులు మార్చాడు, గోడ మీదున్న రూటర్‌కి చెరోవైపూ ఒక నంబరిచ్చాడు. అటు మిషన్లు ఇటు కనిపించడం మానేశాయి. అతను దొంగలా ఇంటికి చేరాడు. భార్య తలుపు తీసింది గానీ మాట్లాడలేదు. కంచం పెట్టింది గానీ వడ్డించలేదు. అతనికి ఆకలి కంటే భయమే ఎక్కువైంది.

కొద్దిరోజులకే అన్న ఫోన్ చేశాడు. "బావగారూ, వాడి గదిలో కెమెరా నాకు కనిపించేలా చెయ్యాలి. ఏం లేదు, నా స్టేప్లర్ అటు ఉండిపోయింది. ఎలా వాడుతున్నాడో చూద్దామని. వాడికి మాత్రం చెప్పకండి."

అది పెట్టీ పెట్టగానే తమ్ముడు. "బావా, అన్నయ్య కెమెరా నాకు కావాలి. అక్కడ తిరిగే ఫ్యాన్ నాది. ఊరికే తిప్పుతున్నాడేమో చూడాలి. ఆయనకి తెలిస్తే బాగుండదు."

ఈ రెండు కోరికలూ కలిపితే పాత మాస్కే. అల్లుడు ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్ళి, నూట ఇరవై ఎనిమిది చెరిపేసి సున్నా పెట్టి, నోరు మూసుకున్నాడు.

మర్నాడు రూటర్ వైరు సర్దుదామని నిచ్చెన ఎక్కితే గోడ మీంచి రెండు గదులూ కనిపించాయి. అన్న కంప్యూటర్‌లో తమ్ముడు. తమ్ముడి కంప్యూటర్‌లో అన్న. పని పక్కన పడేసి ఎవరి తెర వంక వాళ్ళు చూస్తున్నారు, ముఖాలు వేలాడేసుకుని. అన్న కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసి తమ్ముడూ తుడుచుకున్నాడు. అన్నకి ఇక ఆగలేదు. గోడ మీద దబదబా బాదాడు.

"ఒరేయ్, ఎందుకురా ఆ ఏడుపు?"

"నువ్వలా ఏడుస్తుంటే నాకు రాదా మరి?"

"నేను ఏడుస్తున్నట్టు నీకెలా తెలుసు?"

"నేను ఏడుస్తున్నట్టు నీకెలా తెలుసు?"

ఇద్దరూ మెల్లగా తలలెత్తి నిచ్చెన వైపు చూశారు.

"బావగారూ!"

"బావా!"

ఒక్క గొంతుతో అల్లుణ్ణి తిట్టారు. తిట్లయ్యాక ఒక్క చేత్తో గోడ పీకేశారు. ఆ చెక్కతో బల్ల చేయించాలని ఒకరూ, అల్మారా చేయించాలని ఒకరూ కొత్త తగువు మొదలెట్టారు. అల్లుడు అన్ని తిట్లూ తిని, మనసు తేలికై, గబగబా ఇంటికొచ్చాడు.

ఆ పూట భార్య కంచం నిండా వడ్డించింది.

"ఇద్దరికీ ఒకేసారి కెమెరా మీద ఎందుకు మనసు పోయిందంటావ్?" అన్నాడతను.

"నేనే చెప్పాను. తమ్ముడు ఒంటరిగా కూచుని ఏడుస్తున్నాడని అన్నయ్యకీ, అన్నయ్య ఏడుస్తున్నాడని తమ్ముడికీ."

"నిజంగానే ఏడ్చారా?"

"ఎక్కడండీ! అప్పటికి ఏడుస్తున్నది నేనొక్కదాన్నే."